ఐదో స్వరం తర్వాత

సినిమా అయిపోయి దీపాలు వెలిగేసరికి హాలంతా ఏడుస్తోంది. మేష్టారు కూడా ఏడుస్తున్నారు గాని, ఆయనది వేరే రకం ఏడుపు. కంట్లోంచి చుక్క రానిది, ఒకడు పైకొస్తే ఇంకొకడికి పుట్టేది.

మేష్టారంటే బడిలో పాఠాలు చెప్పే మేష్టారు కాదు. నాటకశాలలో పాటలకు వరసలు కట్టే మనిషి. ఆయన వరసలు కట్టిన సంగీత నాటకం ఒకటి తొమ్మిదేళ్లుగా, వారానికి ఆరు ఆటల చొప్పున ఆడుతూనే ఉంది. అందులో లైట్‌హౌస్ కాపలాదారు భార్య మెట్ల మీద కూర్చుని పాడే పాట ఒకటుంది. "దీపం ఆర్పకు నువ్వు" అని మొదలవుతుంది. ఏడక్షరాలు, ఏడు స్వరాలు. నాటకం పేరు గుర్తులేనివాళ్లు కూడా టిక్కెట్ల కిటికీ దగ్గర నిలబడి "ఆ దీపం పాట ఉన్నదేనా ఇది?" అని అడుగుతారు.

సినిమాకు నేపథ్య సంగీతం కూర్చినవాడు ఆయన సొంత బావమరిది. ఆరడుగుల రెండంగుళాల మనిషి. ఇంటిల్లిపాదికీ మాత్రం పుట్టినప్పట్నుంచీ బుడ్డోడే. ఇరవై రెండేళ్ల వయసులో వయొలిన్ పెట్టె పట్టుకుని ఇంటికొస్తే, మేష్టారే నాటకశాల వాద్యబృందంలో వెనకవరస కుర్చీ ఒకటి ఇప్పించారు. రెండేళ్లు ఆ కుర్చీలో కూర్చుని, ఆ పాట ఆరువందల సార్లు వాయించి, ఒకరోజు "బావగారూ, సినిమాల్లో పిలుస్తున్నారు" అని చెప్పి వెళ్లాడు. అప్పుడు మేష్టారు భుజం తట్టి పంపించారు. సినిమాల్లో వెనకాల వాయించే సంగీతం ఎవడు వింటాడులే అన్న ధీమా ఆయనది.

ఆ ధీమా ఈ సినిమా ఆఖరి సన్నివేశంలో తుస్సుమంది. తప్పిపోయిన కూతురు పదేళ్ల తర్వాత వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. తల్లి తలుపు తీస్తుంది. ఇద్దరికీ మాటల్లేవు. అప్పుడు సెల్లో వాద్యం ఒక్కటే, అడుగులో అడుగేసుకుంటూ, ఐదు స్వరాలు వాయించి ఆగిపోయింది. హాల్లో ఊపిరి కూడా వినిపించలేదు. ఆగి, ఆగి, ఇక రాదేమో అనుకున్నాక, మిగతా రెండు స్వరాలూ వచ్చాయి. తల్లి చెయ్యి చాపింది. పక్కన కూర్చున్న మేష్టారి భార్య వెక్కివెక్కి ఏడ్చింది.

దీ-పం-ఆర్-ప-కు. ఆగడం. ను-వ్వు.

తన పాటే. తన ఏడు స్వరాలే. తొమ్మిదేళ్ల కిందట తన నాటకం మొదటి ప్రదర్శన చూసి ఇదే భార్య, "బాగుందండీ, కుర్చీలే మరీ గట్టిగా ఉన్నాయి" అంది. కంటి తడి మాట దేవుడెరుగు, పూర్తయ్యాక ఆవిడ నడుం పట్టుకుని లేచింది.

బస్సులో ఆవిడ ఇంకా కళ్లు తుడుచుకుంటూనే అడిగింది, "ఎలా చేశాడంటారు మావాడు?"

"ఎవరిది వాళ్లు చేస్తే చెప్పొచ్చు."

"అంటే?"

"ఇంటికి పద, వినిపిస్తాను."

ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా పియానో మూత తీసి రెండూ వాయించారు. ఒకటి గబగబా, నాటకంలో ఉన్నట్టు. ఇంకొకటి నెమ్మదిగా, సినిమాలో విన్నట్టు. ఆవిడ తల ఒక పక్కకి వంచి విన్నది.

"ఏమోనండీ. మొదటిది మీ పాటలా ఉంది. రెండోది మావాడిదిలా ఉంది."

మేష్టారు పియానో మూత వేసిన చప్పుడుకి పక్కవాటా వాళ్లు గోడ మీద కొట్టారు.

అక్కడితో పోయినా బాగుండేది. సినిమా విరగబడి ఆడింది. నెల తిరిగేసరికి ఆ ఏడు స్వరాలూ జనం ఫోన్లలో మోగుతున్నాయి. ఒక సాయంత్రం నాటకం విరామంలో మేష్టారు కాఫీ తాగుతుంటే, వెనక ఇద్దరు వదినామరదళ్లు మాట్లాడుకోవడం చెవిన పడింది.

"చూశావా వదినా, ఆ సినిమాలోది ఎలా లేపేశారో! కాస్త కూడా మార్చలేదు."

మేష్టారు కప్పు చేత్తో పట్టుకునే వెనక్కి తిరిగారు. "అమ్మా, ఈ పాట వచ్చి తొమ్మిదేళ్లయింది."

"అలాగాండీ? మరి సినిమా మొన్ననే కదా వచ్చింది?"

"నేననేదీ అదే."

ఆవిడ కాసేపు లెక్క వేసుకుంది. "మరి అంత ముందుగా ఎలా కాపీ కొట్టారండీ?" అంది, నిజంగానే ఆశ్చర్యపోతూ.

మేష్టారు మేనేజరు గదిలోకి వెళ్లి, పాట ముందు తనదేనని గుమ్మం దగ్గర బోర్డు పెట్టించమన్నారు. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "మేష్టారూ, మూడేళ్ల నుంచీ బుధవారం ఆటకి సగం కుర్చీలు ఖాళీ. ఇప్పుడు నిలబడి చూస్తామంటున్నారు. మీ బావమరిదికి దండ వెయ్యాలి గాని బోర్డు పెట్టి ఉన్నది చెడగొట్టుకుంటామా?"

పుండు మీద కారం చల్లినట్టయింది. అది చాలదన్నట్టు, కాపలాదారు భార్య వేషం కట్టే అమ్మాయి మర్నాటి రాత్రి ఆటలో "దీపం ఆర్పకు" అని ఆగింది. వాద్యబృందాన్ని నడిపించే మేష్టారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అమ్మాయి తీరిగ్గా ఊపిరి తీసుకుని, ఎదురుగా ఎవరో ఉన్నట్టు చూసి, "నువ్వు" అంది. చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు.

తెర పడగానే మేష్టారు ఆ అమ్మాయి గది తలుపు కొట్టారు. "ఎవరు ఆగమన్నారమ్మా నిన్ను?"

ఆ అమ్మాయి దూదితో మొహం మీద రంగు తుడుచుకుంటోంది. "ఎవరూ అనలేదు మేష్టారూ. సినిమా చూశాక అలా వచ్చేసింది. ఇన్నేళ్లూ 'ఆర్పకునువ్వు' అని ఒకే మాటలా పాడేదాన్ని. ఆగితే ఆ 'నువ్వు' ఎవరో నాకే తెలిసింది. తప్పా?"

తప్పని చెప్పాలనే ఆయన వచ్చారు. చెప్పారు కూడా. కాని చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడలేకపోయారు.

మర్నాడు పొద్దున్నే బుడ్డోడి స్టూడియోకి వెళ్లారు. దారి పొడుగునా మాటలు నూరుకుంటూనే ఉన్నారు. వాడు కాదంటాడు, ఎగిరిపడతాడు, అప్పుడు తను ఒక్కొక్క స్వరమూ వేళ్ల మీద లెక్కపెట్టి చూపిస్తారు. వాడి నోట మాట పెగలదు. ఈ దృశ్యం ఆయన మనసులో అప్పటికే పదిసార్లు ఆడింది. ప్రతిసారీ చప్పట్లు.

స్టూడియో చిన్న గది. గోడలకి మెత్తటి నల్ల దిళ్లు అతికించి ఉన్నాయి. బావగారు రావడం చూసి బుడ్డోడు ఉన్న ఒక్క మంచి కుర్చీ ఆయనకిచ్చి, తను స్పీకరు పెట్టె మీద కూర్చున్నాడు. మేష్టారు మాట్లాడకుండా అక్కడున్న కీబోర్డు మీద ఏడు స్వరాలూ వాయించారు, తన పద్ధతిలో, ఆగకుండా.

బుడ్డోడు మొదట నవ్వాడు, పాత పాట విన్న సంతోషంతో. తర్వాత నవ్వు అలాగే ఉండిపోయి, మెల్లగా మొహంలోంచి రక్తం దిగిపోయింది.

"బావగారూ... ఇది..."

"ఊఁ. ఇది?"

"నేను తీసేసుకున్నాను. దేవుడి సాక్షిగా తెలీలేదు బావగారూ. ఆ సీను ముందు నాలుగు రోజులు కూర్చున్నాను. ఐదో రోజు పొద్దున అది దానంతటదే వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందా అని కూడా అనుకోలేదు. నాదే అనుకున్నాను." మొహం చేతుల్లో దాచుకున్నాడు. "మీ పేరు వేయిస్తాను. ఇవాళే నిర్మాతకి చెప్తాను. ఇంకేం చెయ్యమంటే అది చేస్తాను."

మేష్టారికి కాళ్ల కింద మెట్టు తప్పినట్టయింది. పోట్లాటకి నడుం కట్టి వస్తే, ఎదుటివాడు కత్తి పారేసి కాళ్ల మీద పడ్డాడు. ఇక నరకడానికి ఏముంది?

"మరి ఆ ఆగడం?" అన్నారు, ఏదో ఒకటి అనాలని.

బుడ్డోడు లేచి తెర మీద ఆ సన్నివేశం పెట్టాడు, సంగీతం లేకుండా. "ఇక్కడ చూడండి. కూతుర్ని చూశాక తల్లి ఊపిరి బిగబట్టింది. నటన కాదు, ఆవిడ నిజంగానే బిగబట్టింది. తను వదిలేదాకా నేనెలా వాయిస్తాను?"

మేష్టారు చూశారు. ఆ తల్లి ఊపిరి వదిలిన చోటే ఆరో స్వరం రావాలి. ముందు వస్తే తప్పు, తర్వాత వస్తే తప్పు. అంత చిన్న సంగతి. తొమ్మిదేళ్లు వారానికి ఆరుసార్లు తన పాట తాను విని, అందులో అంత ఖాళీ దాగి ఉందని ఆయనకు తట్టలేదు. తన పెరట్లో పక్కింటివాడు తవ్వితే నీళ్లు పడ్డట్టుంది.

"ఆలోచించుకుని చెప్తాను," అని లేచి వచ్చేశారు.

ఆలోచించుకోలేదు. నేరుగా సంగీత కర్తల సంఘం ఆఫీసుకి వెళ్లి, నా వరస దొంగిలించారని మూడు పేజీల ఫిర్యాదు రాసిచ్చి వచ్చారు. ఆ ఏడాది సంఘం ఇచ్చే బహుమతి బుడ్డోడికే వస్తుందని అందరూ అనుకుంటున్న రోజులవి. ఫిర్యాదు సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. వారం తర్వాత విచారణకి రమ్మని వచ్చిన కవరు భార్యే విప్పింది.

చదివి, మడిచి, ఆయన కంచం పక్కన పెట్టింది. "వాడు పేరు వేయిస్తానన్నాడు. నాతో చెప్పి ఏడ్చాడు కూడా. అయినా మీరు వెళ్లి ఇది రాసొచ్చారు."

"నా పాట పోతే ఊరుకోమంటావా?"

"పాట పోయిందని కాదు మీ బాధ. అది వాడి చేతిలో బాగుందని."

భార్యాభర్తల మధ్య కొన్ని మాటలు అబద్ధమైతే బాగుండుననిపిస్తుంది. మేష్టారు అన్నం సగంలో వదిలేసి లేచారు. ఆవిడ ఇంకోసారి తినమని అడగలేదు.

విచారణ ఒక మంగళవారం పదకొండు గంటలకి జరిగింది. పొడుగాటి బల్ల, మూడు నీళ్లగ్లాసులు, ముగ్గురు పెద్దలు, గోడవార ఒక పాత పియానో. ముగ్గురిలో ఒకావిడకి వరసల మధ్య పోలికలు తేల్చడమే వృత్తి. ఇలాంటి తగాదాలు యాభై తీర్చిందని పేరు. ఆవిడ ముందు ఒకపక్క మేష్టారి నాటకం నొటేషన్ పుస్తకం, ఒకపక్క సినిమా నొటేషన్ కాగితాలు. వేలు పెట్టి ఒక్కో స్వరం దాటుతూ పోయింది. ఈ చివర మేష్టారు, ఆ చివర బుడ్డోడు. అతని పక్కన అక్క. ఆవిడ ఎవరి పక్కన కూర్చుంటుందో అని మేష్టారు గుమ్మంలోనే చూశారు. చూసి, తల తిప్పుకున్నారు.

"స్వరాలు ఒకటే," అంది నిపుణురాలు. "అందులో అనుమానం లేదు. మేష్టారూ, మీ పాట మీరే ఒకసారి వాయించండి, మొదట కట్టినప్పుడు ఎలా ఉండేదో అలా."

ఆయన హుందాగా వెళ్లి కూర్చున్నారు. దీ-పం-ఆర్-ప-కు. వేళ్లు మీటల మీద నిలిచిపోయాయి. గది నిశ్శబ్దమైంది. ఆ తర్వాత ను-వ్వు.

వెనక్కి తిరిగేసరికి ముగ్గురూ ఆయన్నే చూస్తున్నారు. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు.

"ఇంకోసారి వాయిస్తారా?"

వాయించారు. మళ్లీ అలాగే. ఈసారి ఆగినచోట తన నిశ్శబ్దం తనకే వినిపించి, చెవులు వేడెక్కాయి.

నిపుణురాలు నొటేషన్ పుస్తకం ఆయన వైపు తిప్పింది. మాట మెత్తగానే ఉంది. "ఈ ఆగడం ఇందులో లేదండీ. ఇది సినిమాలోది."

దొంగని పట్టించడానికి వచ్చినవాడి జేబులో సొత్తు దొరికింది. అప్పుడు బల్ల ఆ చివర్నుంచి బుడ్డోడు లేచాడు.

"అది కూడా బావగారిదేనండీ. నేను వాద్యబృందంలో ఉన్న రోజుల్లో కొన్ని ఆటల్లో అలా ఆపేవారు. పుస్తకంలో రాసుకోలేదు, అంతే. నేను అక్కడే విన్నాను."

పచ్చి అబద్ధం. నదురూ బెదురూ లేకుండా, ఆరడుగుల మనిషి నిటారుగా నిలబడి ఆడిన అబద్ధం. అవునంటే చాలు, స్వరాలు తనవే, నిశ్శబ్దం తనదే, మొత్తం తనదే. మేష్టారు బావమరిది మొహం కేసి చూశారు. అందులో జాలి కనిపించింది. లోపల ఏదో భగ్గుమంది. పాటలో వాడే గొప్ప, మంచితనంలోనూ వాడే గొప్ప కావాలా? ఆ మాత్రం దానం తను వాడి దగ్గర పుచ్చుకోవాలా?

"అబద్ధం," అన్నారు మేష్టారు. "నేనెప్పుడూ ఆపలేదు. తొమ్మిదేళ్లలో ఒక్క ఆటలోనూ ఆపలేదు. ఆ ఆలోచన వాడిదే."

బల్ల వెనక పెద్దలు ఒకరినొకరు చూసుకున్నారు. మధ్యలో కూర్చున్నాయన అద్దాలు తీసి, "ఇంత నిజాయితీ ఈ గదిలో ఎన్నడూ చూడలేదు మేష్టారూ," అన్నాడు. మేష్టారు తల దించుకుని ఆ పొగడ్త భరించారు. నిజాయితీకి ఆ పూట ఆయనతో పనే పడలేదని ఆయనొక్కడికే తెలుసు.

తీర్పు అక్కడికక్కడే చెప్పారు. ఏడు స్వరాలూ మేష్టారివి కనక సినిమాలో ఆయన పేరు వెయ్యాలి. ఆగడం బావమరిదిది కనక, నాటకంలో అలా పాడితే అతని పేరు వెయ్యాలి. బహుమతి మాత్రం తగాదాలో ఉన్న సంగీతానికి ఆ ఏడాది ఇవ్వకూడదట. అది ఒక కార్టూన్ సినిమాకి బూరలూ ఈలలూ వాయించినాయనకి పోయింది. పిట్టపోరూ పిట్టపోరూ పిల్లి తీర్చిందంటే ఇదే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆవిడ ఆయన పక్కనే కూర్చుంది. నాలుగు స్టాపులు దాటాక మేష్టారు కిటికీలోంచి చూస్తూనే అడిగారు.

"ఒక్క మాట చెప్పు. ఆ రోజు సినిమాలో అంతగా ఎందుకు ఏడ్చావు?"

"ఏ రోజు? ఓ, అదా? ఆ తల్లి మొహం చూసి."

"వాడి సంగీతం విని కాదూ?"

ఆవిడ కాస్త ఆలోచించింది. "అప్పుడు సంగీతం వచ్చిందని మీరు ఇంటికొచ్చి వాయించాకే తెలిసింది నాకు."

మేష్టారు తల తిప్పి ఆవిణ్ని చూశారు. ఆవిడ హాస్యమాడటం లేదు. మూడు నెలలుగా తనను తిన్న మంట దేని మీద రాజుకుందో ఆయనకి అప్పుడు తెలిసింది. నవ్వాలో ఏడవాలో తెలియక దగ్గారు. ఆవిడ వీపు మీద రాసింది.

"ఇప్పుడే చెప్తున్నాను, మీ పాటకి కూడా నేను ఏడవలేదు," అంది. "నాకు మీ పాటలు అలవాటండీ. ఇంట్లో మోగీ మోగీ, కుళాయి చప్పుడులా అయిపోయాయి. మోగకపోతే ఏదో పోయినట్టుంటుంది. అది చాలదా?"

చాలునని ఆయన అనలేదు. అసూయ అంత తేలిగ్గా పోయే జబ్బు కాదు.

కావాలంటే చూడండి, ఆ రాత్రే నాటకశాలలో, తను తప్పన్నా ఆగుతూనే వస్తున్న ఆ అమ్మాయిని పిలిచి, "ఇక ఆగొద్దు, పుస్తకంలో ఉన్నట్టే పాడు" అన్నారు. ఆవిడ పాపం అలాగే పాడింది. పాట పోయి పడుకుంది. చప్పట్లు కొట్టారు, మర్యాదకి. రెండో రాత్రీ అంతే. మూడో రాత్రి మేష్టారే వాద్యబృందం ముందు నిలబడి, ఐదో స్వరం దగ్గర చెయ్యి ఎత్తి, దించలేదు. అమ్మాయి ఆయన్ని చూసింది. ఆయన తలాడించారు. ఆవిడ ఆగింది. ఆ ఖాళీలో, ముందు వరసలో ఎవరో ముసలాయన "అయ్యో" అనడం వినిపించింది. "నువ్వు" వచ్చింది. తన పాటకి తొమ్మిదేళ్లలో మొదటిసారి మేష్టారికి రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ నిక్కబొడుచుకోవడంలో సగం కోపమే.

తీర్పు ప్రకారం, ప్రేక్షకులకి అమ్మే ప్రదర్శన పుస్తకంలో బుడ్డోడి పేరు వెయ్యాలి. ఎలా వెయ్యాలో ఎవరికీ తెలియలేదు. మేనేజరు "సంగీత సహకారం" అందామన్నాడు. మేష్టారు ఒప్పుకోలేదు. వాడు సహకరించిందేమీ లేదు, వాడు చేసిందే రాయాలన్నారు. అచ్చువేసేవాడికి తన చేత్తోనే రాసిచ్చారు: "దీపం పాటలో ఐదో స్వరం తర్వాతి నిశ్శబ్దం", కింద బావమరిది పేరు. ఉన్నవాటిలో అతి చిన్న అక్షరాలు వెయ్యమన్నారు. అచ్చయి వచ్చాక భూతద్దం లేకపోతే చదవలేం అని అందరూ నవ్వారు.

బుడ్డోడు ఆ వారమే నాటకానికి వచ్చాడు. వస్తూనే ఆ పుస్తకాలు పన్నెండు కొన్నాడు. ఆట అయ్యాక బావగారి దగ్గరికొచ్చి, "నిశ్శబ్దానికి పేరు వేయించుకున్న సంగీతకర్త ఈ లోకంలో నేనొక్కణ్నే బావగారూ," అన్నాడు, పళ్లికిలించి.

"ఎక్కువ మాట్లాడకు. అక్షరాలు ఇంకా చిన్నవి దొరుకుతాయి," అన్నారు మేష్టారు. అయినా వాడి భుజం మీద చెయ్యి వేశారు. చెయ్యి వెయ్యాలంటే ఎప్పటిలాగే మునివేళ్ల మీద లేవాల్సి వచ్చింది.

చలికాలం వచ్చేసరికి మేష్టారు కొత్త నాటకం ఒప్పుకున్నారు. పొద్దున్నే పియానో ముందు కూర్చుని రెండు చరణాలు కట్టారు. బాగా వచ్చాయి. మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటూ భార్యకి గట్టిగా చెప్పారు, "మొదటి ప్రదర్శన దాకా మీవాడికి ఒక్క ముక్క వినిపించడానికి వీల్లేదు. ఇంటికొస్తే పియానో గదికి తాళం."

ఆవిడ కూర వడ్డిస్తూ ఆగింది.

"ముందే చెప్పకపోయారా! పొద్దున వాడు ఫోన్ చేసినప్పుడు మీరు వాయిస్తున్నారు. బాగుంది కదా అని ఫోన్ తలుపు దగ్గర పెట్టాను. మొత్తం విన్నాడు."

మేష్టారు కంచం ముందుకి తోసేశారు. మొహం కందగడ్డ అయింది. "నీకు బుద్ధుందా? మొత్తమా?"

"మొత్తం. చాలా బాగుందన్నాడు. రెండో చరణం ఎత్తుకునే ముందు మాత్రం ఏదో..." ఆవిడ గరిట గిన్నెలో పెట్టి, "పోనీలెండి, మీకెందుకూ. మీకు నచ్చదు," అంది.

మేష్టారు కంచం మళ్లీ దగ్గరికి లాక్కున్నారు. ఒక ముద్ద కలిపారు, నోట్లో పెట్టుకోలేదు.

"ఏమన్నాడు?" అని అడిగారు.